‘లేదు’ అనకూడని బోర్డు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పదకొండు మంది వర్తకులు, నడుమ ఒకే ఒక్క టెలిఫోను తీగ. ఆకాశం నిండా కారుమేఘాలు. ప్రాణం పోయినా నోట రాకూడని ఒక మాట. ఆ మాట ఎవరు ముందు అంటారా అని ఊపిరి బిగబట్టిన ఒక నగరం.

అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది పాత గోనె సంచుల సంగతి. నగరం ఊపిరి బిగబట్టిన మాట నిజమే గానీ, అది మురికి కంపు కొట్టే కూవం నది పక్కన బస్సు ఆగినప్పుడు. ప్రాణాలు ఎవరూ ఇవ్వలేదు. కాఫీలు మాత్రం చాలా ఇచ్చారు.

మద్రాసు పేరు చెన్నై అని మారినా, ఆ సంగతి బోర్డులు రాసే పెయింటర్లకు తప్ప ఎవరికీ పట్టని రోజులవి. మా మేనమామకు వాషర్‌మెన్‌పేటలో పాత గోనె సంచుల వ్యాపారం. ముందు కొట్టు, వెనక గోడౌను, పక్కన ఇల్లు. బియ్యం అంగళ్ళలోనూ, చక్కెర మండీల్లోనూ ఖాళీ అయిన సంచులు కొంటాడు. దుమ్ము దులిపిస్తాడు, చిల్లులు కుట్టిస్తాడు, యాభై ఒక కట్టగా కట్టి మళ్ళీ అమ్ముతాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని అందరూ అంటారు. ఆ పరబ్రహ్మం ఏ సంచిలో వచ్చాడని మా మామ తప్ప ఎవరూ అడగరు.

నేను డిగ్రీ అయ్యాక మైలాపూరులో కంప్యూటరు కోర్సు చేసి, ‘ఉద్యోగం దొరికేదాకా’ మామ కొట్లో కూర్చున్నాను. ఆ కోర్సు చెప్పిన సారే ఈ కథకంతటికీ మూలం. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ పనైనా కంప్యూటరుతో చేస్తే మనుషులు బాగుపడతారని నమ్మినవాడు. ఆయన తన ఇంటి ముందుగదిలో ఒక బోర్డు పెట్టాడు. బోర్డంటే గోడకు తగిలించేది కాదు. ఒక కంప్యూటరు, దానికి మోడెమ్ అనే డబ్బా, ఆ డబ్బాకు టెలిఫోను తీగ. మనం మన కంప్యూటరు నుంచి ఆయన నంబరుకు ఫోన్ చేయాలి. పిల్లి గొంతులో ఇసుక పోసినట్టు ఒక అరుపు వినిపిస్తుంది. ఆ తరువాత నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. అక్కడ అందరూ రాసింది చదవచ్చు, మనమూ రాయచ్చు. తెలుగో తమిళమో మన ఇష్టం, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి.

సంచులు, డ్రమ్ములు, తాళ్ళు, చెక్కపెట్టెలు అమ్మే ఉత్తర మద్రాసు వర్తకులందరినీ ఒకచోట చేర్చాలని సారు ఆశ. పాతిక మంది దాకా చేరారు. నిజానికి చేరింది వాళ్ళు కాదు, నాలాగా ఆయన దగ్గర కోర్సు చేసి ఉద్యోగం దొరకని, వాళ్ళ కొడుకులూ అల్లుళ్ళూ మేనల్లుళ్ళూ. పాతికమందికీ ఒకటే లైను. ఒకరు లోపలుంటే మిగతావాళ్ళకు ఎంగేజ్ సౌండ్. ఎనిమిది కాపురాలున్న ఇంట్లో ఒక్క స్నానాల గది ఉంటే పొద్దున్నే ఎలా ఉంటుందో, భవిష్యత్తు అలా ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

కొట్లో ఒక పాత కంప్యూటరు పెట్టించుకుని, బోర్డులో చేరిన మూడోరోజు నేను మా వంశానికి తలవంపులు తెచ్చాను.

ఎవరో ఒక ప్రశ్న వేశారు: రేకు డ్రమ్ములు యాభై కావాలి, ఎవరి దగ్గరున్నాయి? మా గోడౌనులో డ్రమ్మంటే తాగేనీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము ఒక్కటే. అడిగినవాడికి జవాబివ్వకపోతే మర్యాద కాదని, ‘మా దగ్గర లేదు’ అని రాసి, కింద షాపు పేరు కూడా పెట్టాను. మంచి పని చేసిన తృప్తితో పడుకున్నాను.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి తాళ్ళంగడి పెద్దాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. పేటలో సంచులవాళ్ళకూ తాళ్ళవాళ్ళకూ ఆయన మాటే చట్టం. మొహం చావింటికి వచ్చినట్టు పెట్టుకున్నాడు.

“ఏమప్పా, మీ మామకి వొంట్లో ఎట్లుండాది?”

“బాగానే ఉండాడు తాతా. ఇప్పుడే ఆరు ఇడ్లీలు తిన్న్యాడు.”

“మరి అంగడి ఎత్తేస్తా ఉండాడంట?”

“ఎవురు చెప్పినారు?”

“మా మనవడు చదివినాడు. ఆ టీవీ పెట్టిలో రాసుండాదంట, మీకాడ లేదని.”

పది గంటల్లోపల ఇంకో ముగ్గురు వచ్చి పరామర్శించి పోయారు. ఒకాయన సాయంగా ఉంటానన్నాడు. దేనికి సాయమో చెప్పలేదు. మామ అందరికీ కాఫీలిప్పించి, వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగాడు.

“రాసినావా, లేదని?”

“రాసినా మామా. లేదు కాబట్టి లేదని రాసినా.”

“లేకపోతే లేదని రాస్తారంట్రా ఎవురైనా?”

మామ గల్లాపెట్టె మూసేసి, డిగ్రీలో చెప్పని పాఠం మొదలుపెట్టాడు.

“కొట్టుకొచ్చినోడికి లేదంటే లచ్చిమి మొకాన తలుపేసినట్టు. ఉంది అనాల. కూసోమనాల. కాఫీ తెప్పించాల. కాఫీ వొచ్చేలోపల ఆ సరుకు యాడుందో మనం కనుక్కోవాల. దాని పేరురా యాపారం.”

మామ చెప్పింది అబద్ధం కాదు. వాషర్‌మెన్‌పేటలో వ్యాపారం అలాగే నడిచేది. మన దగ్గర లేని సరుకు పక్కవాడి దగ్గరుంటే అది మన దగ్గర ఉన్నట్టే. వెనక సందు గుండా వెళ్ళి తెచ్చి, ముందు గుమ్మంలో అమ్ముతాం. రేపు పక్కవాడు మన సరుకు అలాగే అమ్ముతాడు. లెక్కలు ఎప్పుడో తీరుతాయి. కొనేవాడికి ఈ సంగతి తెలుసు. అతనికి తెలుసని మనకీ తెలుసు. అందరూ కలిసి తెలియనట్టు కాఫీ తాగుతారు. రెండు కాఫీల్లోపల దొరకని వస్తువు పేటలో లేదని పెద్దలు చెప్పేవారు. మూడో కాఫీ తాగినవాడెవడూ లేడు కాబట్టి ఇది నిజమే అయ్యుండాలి.

ఆ రోజు నుంచి బోర్డులో ఎవరేమడిగినా మా జవాబు ఒకటే: ‘ఉంది’. డ్రమ్ములున్నాయి, చెక్కపెట్టెలున్నాయి, గాజు సీసాలున్నాయి. ఒకసారి ఎవరో మోడెమ్ కావాలని అడిగితే అదీ ఉందన్నాం. అది అబద్ధం కాదు. మేం దాన్ని వాడుకుంటున్నాం, అంతే.

మా బోర్డులో ఇంకా రకరకాల తప్పులు జరుగుతుండేవి. కొట్లో ఉత్తరాలు రాసి అలవాటైన పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లలు టైపు చేసేవాళ్ళు. మహారాజశ్రీతో మొదలుపెట్టి, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమసమాచారాలు తెలుపగోరెదను, చిన్నమ్మాయి కాలి బెణుకు తగ్గినది, ఈ మధ్య వక్కల రేటు పెరిగినది అని రాసుకుంటూ పోయేసరికి సారు పెట్టిన పది నిమిషాల గడువు అయిపోయి లైను తెగిపోయేది. సరుకు సంగతి ఎన్నడూ చేరేది కాదు. అమ్మాయి కాలు మాత్రం పాతికమందికి తెలిసింది. టెలిగ్రాములకు అలవాటైన ఇంకొందరు అన్నీ పెద్దక్షరాల్లో కొట్టేవాళ్ళు. కంప్యూటరులో అలా రాస్తే అరిచినట్టని సారు చెబితే డ్రమ్ములు అమ్మే తమిళాయన, మేమంతా అన్నాచ్చి అని పిలిచే మనిషి, ఒప్పుకోలేదు. డ్రమ్ములు కొట్టేచోట అరవకపోతే ఎవరికి వినిపిస్తుందని అడిగాడు. అది వాదనకు నిలిచే ప్రశ్నే.

చివరికి సారు నన్ను మైలాపూరు పిలిపించాడు.

“ఏమయ్యా, కొత్తగా చేరేవాళ్ళకి నాలుగు మర్యాదలు రాసిపెట్టాలి. నేను రాస్తే పాఠంలా ఉంటుంది, ఎవరూ చదవరు. నువ్వైతే కాస్త వేళాకోళంగా రాస్తావు.”

“నేను మర్యాద గురించి రాస్తే మా అత్త నవ్వుతుంది సార్.”

“అందుకే అడుగుతున్నాను. తప్పులు చేసినవాడికే నియమాలు బాగా తెలుస్తాయి.”

అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపల సరే అనేశాను. ‘కొత్తగా చేరేవారికి మనవి’ అని మొదలుపెట్టాను. క్షేమసమాచారాలు చివర రాయండి, లైను తెగితే క్షేమం పోతుంది గానీ బేరం మిగులుతుంది. పని అయిపోయాక ఫోన్ పెట్టేయండి, తెర ఆర్పేస్తే ఫోన్ పెట్టేసినట్టు కాదు. మీరు లోపలున్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు రెండో ఫోను ఎత్తి హలో అంటే మోడెమ్ చచ్చిపోతుంది, కాబట్టి ముందుగా చెప్పుకోండి. ఈ చివరిది మా అత్తను ఉద్దేశించి రాసింది. ఆమె రోజూ మధ్యాహ్నం రిసీవరు ఎత్తి, ఆ పిల్లి అరుపు విని, “ఎవురో ఏడస్తా ఉండారు, మీ మామకేనేమో చూడు” అనేది.

సరిగ్గా నేను ఈ నియమాలు రాస్తున్న రోజుల్లోనే మా గోడౌను కప్పు కారడం మొదలైంది. మొదలైందనడం తప్పు, అది మూడేళ్ళ నుంచీ కారుతోంది. ఆస్‌బెస్టాస్ రేకుల కప్పు. ఎక్కడ కారుతుందో తెలీదు, ఎందుకంటే కట్టలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. పైన ఎక్కడో పడ్డ చుక్క పదిహేను కట్టలు దిగి, పదహారోదాన్ని కుళ్ళబెడుతుంది. కప్పు బాగుచేయాల్సింది అద్దెకున్నవాడని గోడౌను సొంతదారైన ఇంటాయన, కప్పు ఎవరిదో ఆయనే అని మామ. ఇద్దరూ మూడేళ్ళుగా దీని గురించి పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకుంటున్నారు. రెండు దేశాల సరిహద్దు తగాదా కూడా ఇంత గంభీరంగా నడిచి ఉండదు. ఈలోగా పోయినేడు దీపావళి వానలకు నలభై కట్టలు పేడలా అయిపోయాయి. తడిసిన గోనె ఒకసారి కుళ్ళితే వేలు పెట్టినా దిగిపోతుంది. ఈ ఏడు గోడౌనులో ఉన్నది ఆరువేల సంచులు. మామ ఆస్తి అంటే అదే. దీపావళికి ఇంకా నాలుగు వారాలుంది. ఆ సంచులు వాన కంటే ముందు బయటికి పోవాలి. మామ ఇడ్లీలు ఆరు నుంచి మూడుకి దిగాయి.

అప్పుడు ఎన్నూరు నుంచి కబురొచ్చింది.

అక్కడ సముద్రం ఏటా రోడ్డును కాస్త కాస్తగా తినేస్తుంటుంది. లారీలు పోయే రోడ్డు. దానికి ఇసుక మూటలతో కట్ట వేయడానికి ఒక కంట్రాక్టరు కుదిరాడు. ఆయన ఆఫీసు టైపిస్టు ఒకావిడ బోర్డులో రాసింది: “పాత గోనె సంచులు ఆరువేలు కావాలి. చిన్న చిల్లులున్నా పరవాలేదు. ఎవరి దగ్గరున్నవి?”

ఆరువేలు. మామ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, “రాయి, ఉంది అని” అన్నాడు. మా జీవితంలో మొట్టమొదటిసారి ఆ మాట నిజం.

నేను ఫోన్ చేశాను. ఎంగేజ్. గంట తరువాత చేశాను. ఎంగేజ్. సాయంత్రానికి లైను దొరికి చూస్తే, నాకంటే ముందే పది జవాబులున్నాయి. తాళ్ళంగడి: ‘ఉంది’. డ్రమ్ముల అన్నాచ్చి, పెద్దక్షరాల్లో: ‘ఉంది’. చెక్కపెట్టెలవాళ్ళు, సీసాలవాళ్ళు, జన్మలో సంచి అమ్మనివాళ్ళు, అందరి దగ్గరా ఉంది. పదకొండోది మాది.

ఆ పదిమందీ ఏ సంచుల గురించి రాశారో నాకు వెంటనే అర్థమైంది. పేటలో ఒక్కచోట ఆరువేలు ఉన్న గోడౌను ఒకటే. వెనక సందు గుండా అందరూ వచ్చేది మా దగ్గరికే. అంగట్లో అయితే ఇందులో తప్పేమీ లేదు. కొనేవాడు ఒకసారికి ఒక కొట్లోనే నిలబడతాడు. బోర్డులో మాత్రం అతను ఒకేసారి అన్ని కొట్లలోనూ నిలబడి ఉన్నాడు. మా ఆరువేల సంచులు ఆయనకు అరవై ఆరువేలుగా కనిపించాయి.

మర్నాడు టైపిస్టు రాసింది: “అందరికీ ధన్యవాదాలు. ఇంత సరుకు ఉన్నందున మాకు తొందర లేదు. సముద్రం రోడ్డు దాకా వచ్చినప్పుడు తెలియజేస్తాము.”

సముద్రం రోడ్డు దాకా వచ్చే రోజున వాన మా గోడౌను దాకా రాకుండా ఉండదని చెప్పడానికి వాతావరణ శాఖ అక్కర్లేదు.

“మామా, నేరుగా ఫోన్ చేసి చెప్పు. సరుకు మన కాడ మాత్రమే ఉండాదని.”

“అట్ట చెప్తే మిగతా పదిమందికాడ లేదని చెప్పినట్టు కాదా?”

“లేదు కదా.”

“నీకు మళ్ళీ ఆ మాటొచ్చింది నోట్లోకి. రేపు ఈ పేటలో నా మొకం ఎవురు చూస్తారు?”

చివరికి ఒకసారి ఫోన్ చేశాడు. ఎవరినీ నొప్పించకుండా, మా సరుకు మంచిదని మాత్రం చెప్పాడు. అవతల కంట్రాక్టరు నెల్లూరువైపు మనిషే. మర్యాదగానే మాట్లాడాడు. “అందరూ అదే అంటా ఉండారన్నా. పదకొండు గోడౌన్లు తిరిగి చూసే టైము నాకు యాడుంది? రోడ్డు దాకా రానీండి” అన్నాడు. మామ ఫోన్ పెట్టేసి పంచాంగం తీశాడు. వాన ఎప్పుడో అందులోనూ అచ్చంగా రాయలేదు.

ఆ రాత్రి నేను గొప్ప ఉపాయం ఆలోచించానని రాస్తే బాగుంటుంది. నాకు ఉపాయం వచ్చింది మర్నాడు పొద్దున, గోడౌనులో ఎలుకను తోలుతున్నప్పుడు. కట్టల మీద ముద్ర కనిపించింది. ఆ ఏడు మా సంచులన్నీ ఒకే రైసుమిల్లు నుంచి వచ్చినవి. ప్రతి సంచి మీదా నీలం రంగులో ఒక గడియారం బొమ్మ, ముళ్ళు పది గంటల పది నిమిషాల దగ్గర. పేటలో ఆ గడియారం ఇంకెవరి దగ్గరా లేదు.

మైలాపూరు వెళ్ళి సారు ముందు మర్యాదల కాగితం పెట్టాను. చివర్లో ఒకటి కలిపాను: సరుకు ఉందని రాసేవారు, ఆ సరుకు మీద ముద్ర ఏమిటో కూడా రాయవలెను. ఇదివరకే రాసినవారు మూడు రోజుల్లో రాయవలెను.

సారు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. “ఇది కొత్తవాళ్ళకేనా?”

“అందరం కొత్తవాళ్ళమే గదా సార్. బోర్డు పెట్టి ఏడాది కాలేదు.”

“ఇందులో ఏదో కొంటెతనం ఉందయ్యా.”

“ఉంది సార్.” ఉంది అనడం అప్పటికి బాగా అలవాటైపోయింది.

ఆయన నవ్వి, బోర్డులో పెట్టేశాడు.

ఆ తరువాతి రెండు రోజులు మా గోడౌనుకు వచ్చినంత మంది ఏ పెళ్ళికీ వచ్చి ఉండరు. ముందుగా డ్రమ్ముల అన్నాచ్చి. మామ ఆరోగ్యం కనుక్కుందామని వచ్చాడట. మామ మొహం చూడకుండా కట్టల వంక చూస్తూ కనుక్కున్నాడు.

“ఎన్నప్పా, ఎట్ల ఉండావు?” అని కట్టనడిగాడు.

“బాగుండా అన్నాచ్చీ. కాఫీ తాగు.”

“సరి సరి. ఈ బొమ్మ బాగుండాదే. గడియారమా?”

“గడియారమే.”

“నల్లది, నల్లది” అని తమిళంలో మెచ్చుకుని, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. మామ అతణ్ణి ఒక్క మాట అడగలేదు. మన సరుకు పక్కవాడు చూసుకోవడానికి వస్తే ఎందుకని అడగకూడదు. తరువాత చెక్కపెట్టెలాయన కాటా కొక్కెం అరువు తీసుకుపోవడానికి వచ్చాడు. కాటా లేనివాడికి కొక్కెం ఎందుకో నేనూ అడగలేదు. సీసాలవాళ్ళు అన్నదమ్ములిద్దరూ వేరువేరుగా వచ్చి, గుమ్మంలో ఒకరికొకరు ఎదురుపడి, ఇద్దరూ టైము ఎంతైందని ఒకరినొకరు అడిగారు. ఒకాయన సిగరెట్టు పెట్టె మీద గడియారం బొమ్మ గీసుకుపోయాడు. మా అత్త డికాషను రెండుసార్లు వేసి, మూడోసారి గిన్నె చప్పుడు చేస్తూ పెట్టింది.

“వొచ్చినోళ్ళందరికీ సంచులు చూపిచ్చే బదులు ఒక్క సంచి గుమ్మానికి తగిలిచ్చు” అంది మామతో. “పాలన్నా మిగల్తాయి.”

మూడో రోజుకి బోర్డు నిండింది. ‘ముద్ర: గడియారం.’ ‘గడియారం, నీలం.’ ‘గడియారం, పది పది.’ అన్నాచ్చి పెద్దక్షరాల్లో గడియారం. కాఫీకి రావడానికి తీరిక లేని ఒక మహానుభావుడు మిగతావాళ్ళవి చదివి, ‘గడియారం, ఏడున్నర, మంచి కండిషన్’ అని రాశాడు.

ఆ సాయంత్రం టైపిస్టు రాసింది: “పదకొండు మంది వద్ద ఒకే గడియారం ఉన్నట్టు తెలిసినది. ఆ గడియారం ఏ గోడౌనులో ఉన్నదో ఒకరు తెలిపితే మా సారు వచ్చి చూస్తారు.” ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. మా బోర్డు మొత్తంలో బుర్ర పనిచేస్తున్న మనిషి ఆవిడ ఒక్కతే అని మాత్రం అప్పుడు నమ్మాను.

ఆ తరువాత బోర్డు మూగబోయింది. ఒక రోజు, రెండు రోజులు. ఎప్పుడు ఫోన్ చేసినా లైను మొదటిసారికే దొరికేది. దాన్నిబట్టే పరిస్థితి ఎంత విషమించిందో తెలుసుకోవచ్చు. ‘నా గోడౌనులో’ అని మామ రాస్తే మిగతా పదిమంది పరువు పోతుంది. ‘నా దగ్గర లేదు’ అని వాళ్ళు రాస్తే వాళ్ళ పరువు వాళ్ళే తీసుకున్నట్టు. అందరూ అవతలివాడి పరువు కాపాడుతూ కూర్చున్నారు. ఉత్తరాన మబ్బు పడుతోంది. మామ ఇడ్లీలు ఒకటికి దిగాయి, అది కూడా చట్నీ లేకుండా.

“పేరు పెట్టకుండా నేను రాస్తా మామా. ఎవురికీ తెలీదు.”

“ఎలక తోకని బట్టి ఎలకని కనుక్కునే పేట ఇది. గమ్మునుండు.”

మూడో రోజు పొద్దున తాళ్ళంగడి పెద్దాయన వచ్చాడు. ఈసారి మెట్టు మీద కూర్చోలేదు, నేరుగా లోపలికొచ్చి కంప్యూటరు ముందు స్టూలు లాక్కున్నాడు. మనవడు ఊళ్ళో లేడట. వెనక గోడౌను కప్పు వంక ఒకసారి చూశాడు, మామ వంక ఒకసారి చూశాడు.

“అబ్బయ్యా, అది మోగించు. నా పేరు మీద ఒక మాట రాయాల.”

లైను దొరికింది. ఆయన నెమ్మదిగా, పంచాయతీలో తీర్పు చెప్పినట్టు చెప్పాడు. నేను కొట్టాను.

“ఎన్నూరు వారికి. ఇది వానల కాలం గనక మేము పదకొండు మందిమీ సరుకు ఒకే చోట పెట్టుకున్నాము. కాలవ పక్కసందు, చివరి గోడౌను. ఈ వారంలో వచ్చి ఎత్తుకోవలెను. అందరి తరపున అమ్మే బాధ్యత ఆ గోడౌను ఆయనదే. ఇక్కడ మేమంతా క్షేమం.”

“తాతా, క్షేమం చివర రాసినాం” అన్నాను. “మన రూలు ప్రకారమే.”

“రూలేందప్పా?” అన్నాడాయన.

నేను పదిహేను రోజులు కూర్చుని రాసిన మర్యాదలు ఆయన చదవనే లేదు. ముద్ర రాయాలని మాత్రం మనవడు చెబితే విన్నాడట. అయినా బోర్డు పుట్టినప్పటి నుంచీ అందులో ఎవరైనా మర్యాదగా రాసింది అదొక్కటే. ఎవరి దగ్గరా లేదని ఒక్కరూ అనలేదు, ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసింది. మామే లోపలికి పోయి కాఫీ తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు. మామ స్వయంగా కాఫీ మోయడం నేను చూడటం అదే మొదలు, అదే చివర.

రెండు రోజులకు కంట్రాక్టరు వచ్చాడు. ఒక సంచిలో చెయ్యి పెట్టి చూశాడు, గుంజి చూశాడు, సరేనన్నాడు. మర్నాడు రెండు లారీలు. ఎత్తేటప్పుడు మిగతా పదిమందీ వచ్చి నిలబడ్డారు. తమ సరుకు కదా. కట్ట జాగ్రత్త అని ఒకరు, అడ్డంగా పేర్చమని ఒకరు, నిలువుగా అని అన్నాచ్చి. హమాలీలు ఎవరి మాటా వినకుండా తమకు తోచినట్టు పేర్చుకున్నారు. పని జరిగింది అందుకే. లారీలు కదిలినప్పుడు ఏడున్నర గడియారం మహానుభావుడు నా పక్కన నిలబడి, “మన సంచులు, పోతున్నాయి చూడు” అని నిట్టూర్చాడు. ఆయన గొంతులో నిజంగానే కాస్త బాధ ఉంది.

లారీలు పోయిన నాలుగో రోజు వాన దిగింది. రాత్రంతా కురిసింది. పొద్దున నేనూ మామా గోడౌను తలుపు తీశాం. మూడేళ్ళలో మొదటిసారి అది ఖాళీగా ఉంది, కాబట్టి మొదటిసారి చుక్క ఎక్కడి నుంచి పడుతోందో కనిపించింది. నేల మీద ఒకేచోట, పళ్ళెమంత తడి. దాని పైన రేకులో ఒక బోల్టు.

మామ ఇంటాయనకు కబురు పెట్టలేదు. వాన తెరిపిచ్చాక ఒక మనిషిని పైకెక్కించాడు. అతను అయిదు నిమిషాల్లో దిగి వచ్చాడు. రేకుల్లో పగులేమీ లేదు. బోల్టు తలకాయ కింద ఉండాల్సిన తారు బిళ్ళ ఊడిపోయింది. కొత్తది వేస్తే చాలన్నాడు.

హార్డువేరు కొట్లో ఆ బిళ్ళలు విడిగా ఇవ్వరు, డజను లెక్కనే ఇస్తారు. మిగతా పదకొండూ మామ గల్లాపెట్టెలో ఉన్నాయి, ఎవరడిగినా ‘ఉంది’ అనడానికి.